ఎవరినడిగి తీసుకుంటున్నారు?

టోవా పాయో, సింగపూర్
18 జూన్ 2000

ప్రియమైన మీకు,

నిన్న నా పేరు మీద పన్ను కాగితం వచ్చింది. కిందటేడాది ఆగస్టులో ఇక్కడ అడుగుపెట్టినప్పటి నుంచి నెలనెలా జీతం మొత్తం చేతికొస్తుంటే, ఈ దేశంలో పన్నే లేదేమో అని మురిసిపోయాను. ఉందట. మన దగ్గరలా జీతంలో ముందే కోయరు, అంతే. ఏడాది తిరిగాక లెక్క కట్టి కాగితం పంపిస్తారు, మనమే చెక్కు రాసి కట్టాలి.

ముందే కోసేస్తే నొప్పి తెలియదు. ఇక్కడ నా చేత్తో నేనే కోసుకోవాలి. చెక్కు మీద సంతకం పెట్టబోతే చెయ్యి ఆగిపోయింది. ఎంత అన్నది కాదు, మనతో పోలిస్తే ఇక్కడ తక్కువే. రోజుకు పదిగంటలు రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాస్తూ స్క్రీను ముందు కూర్చుని కళ్లు మండేలా పని చేసింది నేను. ఆ కష్టం నాది. నన్నడక్కుండా అందులో వాటా తీసుకునేవాళ్లని బయట ఏ పేరుతో పిలుస్తాం? ఇవ్వనంటే శిక్ష. స్వేచ్ఛ అంటే నా కష్టం నాదని చెప్పుకోగలగడం కాదా?

అనకాపల్లి వాణిజ్య పన్నుల అధికారి గారి భార్య ఇలా రాయకూడదని తెలుసు. మీతో కాకపోతే ఇంకెవరితో అంటాను?

అసలు సంగతి ఇంకొకటి. మా ఆఫీసు పక్క భవనంలో ఒక సలహాల కంపెనీ ఉంది. ఇండియాతో వ్యాపారం చేసేవాళ్లు చట్టం దాటకుండా పన్ను ఎలా తగ్గించుకోవచ్చో చెబుతారు. పన్నుల శాఖలో పనిచేసిన మనిషి కావాలట. మీ గురించి చెప్పాను. ఇప్పటి మీ జీతానికి ఎనిమిది రెట్లు. ఉద్యోగానికి రాజీనామా చేసి రావాలి.

పెళ్లై మూడేళ్లు. మీ బదిలీలు, నా ప్రయాణం పోను ఒకే కప్పు కింద ఉన్నది పదిహేను నెలలు. ఫోనులో చెబితే మీకు కోపం వచ్చిందో నవ్వొచ్చిందో తెలిసేలోపే కార్డులో డబ్బు అయిపోతుంది. అందుకే ఉత్తరం.

జవాబు కోసం పోస్టు డబ్బా చూసుకుంటూ,
మీ వసుంధర

*

అనకాపల్లి
9 జూలై 2000

ప్రియమైన వసూ,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి నవ్వుకున్నాను. పక్క సీటులో సాంబమూర్తి గారు "ఏమిటయ్యా, మీ ఆవిడ ప్రేమలేఖా?" అన్నారు. "కాదండీ, నన్ను దొంగంటోంది" అన్నాను.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. విశాఖలో నువ్వు చేసింది ఈ పనే. ఇదే తలకాయ, ఇవే వేళ్లు. అక్కడికి వెళ్లగానే జీతం పది రెట్లైంది. నాలుగ్గంటల విమాన ప్రయాణంలో నీ తెలివి పది రెట్లు పెరిగిందా? పెరగలేదు. నీ చుట్టూ ఉన్నది మారింది. ఆగకుండా వచ్చే కరెంటు, టైముకి వచ్చే రైలు, మాట తప్పితే అడిగే కోర్టు, మీ బ్యాంకుని నమ్మి డబ్బు దాచుకున్న జనం. వాటి మధ్య కూర్చోబట్టే నీ గంటకి అంత విలువ. మరి ఆ జీతం అంతా నీ ఒక్కదాని కష్టమేనా? అందులో ఊరి వాటా ఉంది. పన్ను అంటే ఊరు తన వాటా తను అడగడం.

కంపెనీ సంగతి ఆలోచిస్తాను. పన్ను వసూలు చేసిన చేత్తో ఎగ్గొట్టే దారులు చూపించడం ఎలా ఉంటుందో చూడాలి. నువ్వు మాత్రం గుర్తొస్తూనే ఉంటావు. పొద్దున్న కాఫీ కలుపుకునేటప్పుడు మరీను.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. గవరపాలెం దగ్గర రేకు పెట్టెలు, బకెట్లు చేసే సింహాచలం అనే అతను లారీల కొద్దీ ఇనప రేకు కొని, సగం కూడా లెక్కలో చూపించలేదు. బిల్లులు పట్టుకున్నాను. గడువు ఇచ్చినా కట్టలేదు. మొన్న సరుకు జప్తు చేసి కొట్టుకి తాళం వేశాం. ఇలాంటి వాళ్లు సరిగ్గా కడితే నీలాంటి వాళ్ల మీద బరువు తగ్గదూ?

గొడుగు మర్చిపోకు, అక్కడ వాన చెప్పి రాదన్నావు.
నీ మహీధర్

*

టోవా పాయో
2 ఆగస్టు 2000

ప్రియమైన మీకు,

మీ పది రెట్ల మాటకి రెండు రోజులు జవాబు తోచలేదు. మూడోరోజు దొరికింది.

మా ఆఫీసులో ఇఫ్తేఖార్ గారని హైదరాబాదాయన. పుంగ్గోల్‌లో కొత్తగా కడుతున్న ప్రభుత్వ ఫ్లాట్లలో ఆయనకి ఒకటి వచ్చింది. ఆదివారం చూపించడానికి తీసుకెళ్లారు, ఆయన భార్య హాజరా ఖీర్ చేసి తెచ్చింది. చుట్టూ ఇంకా క్రేన్లు, మట్టి. రైలు పట్టాల కోసం స్తంభాలు లేపుతున్నారు. లేపుతున్నది ఎవరనుకున్నారు? బంగ్లాదేశ్ వాళ్లు, మన తమిళులు. ఎండలో కాంక్రీటు మోస్తున్నారు. నా జీతంలో ఊరి వాటా ఉందన్నారు కదా, ఊరిని కట్టింది వాళ్లు. నా బాకీ వాళ్లకి. ప్రభుత్వానికి ఎలా అయింది? మీరు బాకీ ఉందని నిరూపించారు కానీ, వసూలు చేసే హక్కు ఎవరిదో చెప్పలేదు.

ఇఫ్తేఖార్ గారు నా వైపు ఉంటారనుకున్నాను. ఏటా పేదలకిచ్చే జకాత్ మీ అంతట మీరు ఇస్తారు, పన్ను లాక్కుంటారు, రెండింటికీ తేడా లేదా అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "జకాత్ నేను చేసే దానం కాదు వసుంధరగారూ. అది వాళ్ల హక్కు. నా జేబుల ఉన్నంత మాత్రాన నాదైపోతదా? కాకపోతే ఒకటి. ఎవరికి చేరిందో నేను కళ్లతోటి చూస్త" అన్నారు. ఆ ఆఖరి మాట పట్టుకుని ఇంటికొచ్చాను.

ఇప్పుడు మీకు ఎప్పుడూ చెప్పని ఒక విషయం. విజయనగరంలో మా నాన్నకి సొంత ప్రెస్సు ఉండేదని మీకు తెలుసు. అమ్మేశారని తెలుసు. ఎందుకో తెలియదు. నాకు పదమూడేళ్లు. పన్నుల ఆఫీసు వాళ్లు వచ్చారు. ఒకాయన నాన్న కుర్చీలో కూర్చుని కాగితం చేతికిచ్చాడు. నాన్న నిలబడి, "ఈ మొత్తం ఎలా వచ్చిందో ఒక్కసారి చెప్తారా అండీ?" అని అడిగారు. "అప్పీలుకి పోయి అడుగు" అన్నాడు. నాన్నకి అప్పీలంటే ఏమిటో తెలియదు. అచ్చు వేసే ట్రెడిల్ మెషీను అమ్మి కట్టేశారు. ఆ తర్వాత పదేళ్లు వేరేవాళ్ల ప్రెస్సులో అక్షరాలు పేర్చారు.

మీ సంబంధం వచ్చినప్పుడు నేను వద్దన్నాను. నాన్నే, "విశ్వేశ్వరరావు కూతురు శాఖని చూసి మనిషిని కాదనకూడదు. ఈ సంగతి అబ్బాయితో ఎప్పుడూ అనకు, నొచ్చుకుంటాడు" అన్నారు. ఇన్నాళ్లూ అనలేదు.

ఆ పెట్టెల సింహాచలం మిమ్మల్ని ఏమైనా అడిగాడా? మీరేం చెప్పారు?

నిష్ఠూరం కాదు, తెలుసుకోవాలని,
మీ వసుంధర

*

అనకాపల్లి
20 సెప్టెంబర్ 2000

ప్రియమైన వసూ,

ఆలస్యానికి క్షమించు. ఆ కంపెనీ వాళ్లకి నేను వస్తున్నానని చెప్పు. రాజీనామా రాసి పెట్టుకున్నాను. వీలైతే నవంబరులోనే చేరతాను. కారణాలు అడగకు. మనిద్దరం ఒకచోట ఉండటం కంటే పెద్ద కారణం ఏం కావాలి?

నీ మహీధర్

*

టోవా పాయో
3 అక్టోబర్ 2000

ప్రియమైన మీకు,

ఏడాదిగా ఏ ఉత్తరం కోసం ఎదురుచూశానో అది వచ్చింది. లిఫ్టులోనే చించి చదివాను. పన్నెండో అంతస్తు వచ్చేసరికి సంతోషం పోయింది.

మూడేళ్లలో మీరు నాకు ఆరు వాక్యాల ఉత్తరం రాయలేదు. నా ప్రశ్నకి జవాబు లేదు. నాతో వాదన లేదు. నేను గెలిచానని ఒప్పుకోవడానికైనా మీరు నాలుగు పేజీలు రాస్తారు. కాఫీ మాట కూడా లేదు.

కంపెనీ వాళ్లకి ఇంకా చెప్పలేదు. మీరు నా దగ్గరికి వస్తున్నారా, అక్కడి నుంచి పారిపోతున్నారా? మొదటిదైతే ఎయిర్‌పోర్టుకి గంట ముందే వచ్చి నిలబడతాను. రెండోదైతే ఈ ఒక్క గదిలో నాతో పాటు మీరు అక్కడ వదిలి వచ్చింది కూడా ఉంటుంది. పరుగెత్తుకుంటూ రాకండి. నడుచుకుంటూ రండి.

ఏం జరిగింది?

మీరు ఏం చెప్పినా మీ,
వసుంధర

*

అనకాపల్లి
24 అక్టోబర్ 2000

ప్రియమైన వసూ,

చెబుతాను.

మామయ్యగారి సంగతి చదివాక ఆ సింహాచలం ఫైలు మళ్లీ తీశాను. అతను నన్ను అడిగాడు వసూ. జప్తు రోజున గుమ్మంలో నిలబడి, "బాబూ, ఆ రేకు కొన్న సింహాచలం నాను కాదు. ఈ ఊర్లో రాయి ఇసిరితే సింహాచలానికే తగుల్తాది. ఓపాలి సూడండి బాబూ" అన్నాడు. ఈ మాట అనేవాళ్లని రోజూ చూస్తాం. "అప్పీలు చేసుకో" అన్నాను. నేను కూడా అదే మాట అన్నాను.

ఫైలులో ఒక బిల్లు అడుగున చిన్నగా చోడవరం అని కనబడితే అక్కడికి వెళ్లాను. బజారు మొదట్లోనే ఇంకో సింహాచలం ఇనప సామాను కొట్టు. పెద్దది. ముందు లారీ ఆగి ఉంది. నేను పట్టుకున్న బిల్లులన్నీ అతనివే, అతని లెక్కల్లో పక్కాగా ఉన్నాయి. ఇంటిపేరులో మొదటి అక్షరం కూడా ఒకటే. నేను అక్షరం చూశాను, మనిషిని చూడలేదు.

ఆర్డరు ఇంగ్లీషులో ఇచ్చాను. అతనికి తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు. ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవాలి, ఆ గడువు పోయింది. ఇప్పుడతను తాళం వేసిన తన కొట్టుకి ఎదురుగా గోనె పరుచుకుని, జనం తెచ్చిన పాత బకెట్లకి మాట్లు వేస్తున్నాడు. నేను ఆ వీధి మానేసి చుట్టు తిరిగి ఆఫీసుకి వెళ్తున్నాను.

సాంబమూర్తి గారికి చెప్పాను. "నువ్వు రాసిన ఆర్డరు తప్పని నువ్వే అంటే రేపు ఊరంతా మన గుమ్మంలో క్యూ కడుతుంది. ఊరుకో" అన్నారు. ఊరుకోవడం చేతకాలేదు, చెప్పడం చేతకాలేదు. అందుకే రాజీనామా రాశాను. నీ ప్రేమ కోసం వస్తున్నానని రాశాను. అందులో సగమే నిజం.

ఊరి వాటా అని నీకు పెద్ద పాఠం చెప్పాను. ఆ వాటా అడగడానికి వెళ్లిన చెయ్యి ఎలాంటిదో ఒక్కసారీ చూసుకోలేదు.

ఏం చెయ్యమంటావు?
మహీధర్

*

టోవా పాయో
4 నవంబర్ 2000

ప్రియమైన మీకు,

ఉత్తరం చదివి మీ మీద చాలా కోపం వచ్చింది. ఆ తప్పు ఊరికి తెలిసేలోపే వచ్చేయాలనుకున్నందుకు ఇంకా కోపం వచ్చింది. చెప్పినందుకు మాత్రం కాదు.

మా నాన్న కుర్చీలో కూర్చున్నాయన తర్వాత ఎప్పుడైనా మా ఇంటికి వచ్చి "తప్పైంది విశ్వేశ్వరరావుగారూ" అనుంటే ఏమయ్యేదని చిన్నప్పుడు చాలాసార్లు అనుకునేదాన్ని. మెషీను తిరిగి రాకపోయినా ఫరవాలేదు అనుకునేదాన్ని.

ఆ వీధిలోనే నడవండి. అతని పక్కన గోనె మీద కూర్చోండి. అప్పీలు కాగితం మీరే తెలుగులో చదివి వినిపించండి. గడువు ఎందుకు దాటిందో, తప్పు ఎవరిదో మీరే వెళ్లి చెప్పండి. ఉద్యోగం పోతే పోనివ్వండి. పోయాక రండి, పోగొట్టుకోకుండా తప్పించుకుని మాత్రం రావద్దు.

కంపెనీ వాళ్లు జనవరి దాకా ఆగుతామన్నారు. నా కాంట్రాక్టు మార్చి మొదట్లో అయిపోతుంది, ఇంకో రెండేళ్లకి సంతకం పెట్టమంటున్నారు. అవన్నీ తర్వాత.

ధైర్యంగా ఉండండి. ఇక్కడ నేనున్నాను.
వసుంధర

*

అనకాపల్లి
21 జనవరి 2001

ప్రియమైన వసూ,

గోనె మీద కూర్చున్నాను. సింహాచలం లేచి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోడు. "మీరు కిందా, నాను కిందా ఏటి బాబూ, ఎవలైనా సూస్తే మీకే సెడ్డపేరు" అన్నాడు. బిల్లులు, చోడవరం సంగతి, నా తప్పు, అన్నీ చెప్పాను. చేతిలో బకెట్టు పక్కన పెట్టి, "నాను ఎర్రోడినని ఊరు నవ్వింది బాబూ. నాకే అనుమానం వచ్చేసింది, నిద్దట్లో ఎప్పుడైనా కొన్నానేటో అని" అన్నాడు.

అప్పీలు అతను వేశాడు, కాగితాలు రాయడానికి వకీలుని కుదిర్చాను. విశాఖలో విచారణ. అప్పీలు అధికారి వెంకటేశ్వరరావు గారు నన్ను చూసి, "మీరు శాఖ తరఫున వచ్చారా, ఇతని తరఫునా?" అని అడిగారు. "శాఖ తరఫునే వచ్చానండి. తప్పు లెక్క నిలబెట్టుకోవడం శాఖకి మంచిది కాదని చెప్పడానికి వచ్చాను" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, చోడవరం లెక్కలన్నీ ఒక్కొక్కటే చూశారు. గడువు దాటినా అప్పీలు తీసుకున్నారు. పది రోజుల్లో ఆర్డరు కొట్టేశారు. జప్తు చేసిన సరుకు తిరిగిచ్చి, తాళం నేనే తీశాను.

నాకు ఏడాది ఇంక్రిమెంటు ఆపారు. న్యాయమే. సాంబమూర్తి గారు చెప్పినట్టు క్యూ కూడా కట్టారు, ఎనిమిది మంది. ఏడుగురివి నా లెక్కలే సరైనవి. కూర్చోబెట్టి తెలుగులో చెబితే ఐదుగురు ఒప్పుకున్నారు. ఇద్దరు తిట్టుకుంటూ వెళ్లారు, తిట్టే హక్కు వాళ్లకుంది. ఎనిమిదో మనిషిది మళ్లీ చూస్తున్నాను. ఇప్పుడు ప్రతి ఆర్డరు వెనక తెలుగులో ఒక పేజీ రాస్తున్నాను, మొత్తం ఎలా వచ్చింది, నచ్చకపోతే ఎక్కడికి వెళ్లాలి అని. ఎవరూ రాయమనలేదు, మానమనీ అనలేదు.

సింహాచలం తన అసలు పన్ను కట్టడానికి వచ్చాడు, చిన్న మొత్తం. రసీదు తీసుకుని, "ఇది ఏటవుతాది బాబూ?" అన్నాడు. బడి, ఆసుపత్రి, రోడ్డు అని మొదలుపెట్టాను. "మా ఈదిలో బడికి కప్పు ఎగిరిపోయి రెండేళ్లయింది" అన్నాడు. ఇద్దరం కలిసి అర్జీ రాశాం. వాళ్ల వీధిలో నలభై మంది సంతకాలు పెట్టారు. నిన్న ఇంజనీరు వచ్చి కొలతలు తీసుకున్నాడు. కప్పు వేస్తారో లేదో గానీ, కొలిచారు.

వసూ, నీ కంపెనీకి నేను రాలేను. భయపడి కాదు, ఇక్కడ పని ఇప్పుడే మొదలైనట్టుంది. నీ ప్రశ్నకి జవాబు నాకింకా పూర్తిగా తెలియదు. అడిగితే చెప్పకుండా తీసుకున్నది మాత్రం నువ్వు అనకుండా అన్న 'దొంగతనం' పేరుతోనే పిలవాలి. దాన్ని కూడా పన్ను అనుకోవడం నాలాంటి వాళ్ల పొరపాటు.

నువ్వు రెండేళ్లకి సంతకం పెట్టినా తప్పుపట్టను. ఏటా నెల సెలవు పెట్టి వస్తాను. నీ నిర్ణయం నీది.

ఎప్పటికీ,
నీ మహీధర్

*

టోవా పాయో
16 ఫిబ్రవరి 2001

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం ఇఫ్తేఖార్ గారికి, హాజరాకి చదివి వినిపించాను, మన సొంత మాటలు వదిలేసి. హాజరా కళ్లు తుడుచుకుంది. తర్వాత విజయనగరం ఫోను చేసి నాన్నకి చదివాను. కార్డు మొత్తం అయిపోయింది. ఆఖర్న నాన్న, "ఆ పెట్టెలాయన కొట్టు తెరిచాడు కదా?" అని రెండుసార్లు అడిగారు. తెరిచాడన్నాను. "అబ్బాయిని ఒకసారి రమ్మను" అన్నారు.

ఇప్పుడు నా సంగతి. నేను రెండేళ్ల కాగితం మీద సంతకం పెట్టలేదు.

ఈ దేశం వదిలి వెళ్లేవాళ్లు పన్ను పూర్తిగా తేల్చుకుని వెళ్లాలి. అందుకు ఇక్కడి పన్నుల ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్లో మలయ్ ఆవిడ, నా వయసే. మీ మాటలు తలలో తిరుగుతున్నాయేమో, ఊరికే కట్టి రాకుండా ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాను. ఇది ఎలా వచ్చింది, ఇది ఎందుకు కలిపారు అని. ఆవిడ విసుక్కోలేదు. కంప్యూటరు తెర నా వైపు తిప్పి, వేలు పెట్టి ఒక్కొక్క వరుసా చూపించింది. ఒక చోట నేనే తప్పు రాశాను, దిద్ది మొత్తం తగ్గించింది. నాకు తిట్టడానికి ఏమీ దొరకలేదు.

చివరికి అడిగాను, "అసలు ఇంత తీసుకోవాలని ఎవరు నిర్ణయించారు?" అని.

ఆవిడ నవ్వింది. "దట్ వన్ కెనాట్ ఆస్క్ మీ లా. మస్ట్ ఆస్క్ యువర్ ఎంపీ" అంది, ఇక్కడి వాళ్లందరిలా మాటకి "లా" తగిలించి. అది నన్ను కాదు, మీ ఎంపీని అడగాలని.

"నాకిక్కడ ఓటు లేదు. ఎంపీ లేడు" అన్నాను.

"దెన్ హౌ?" అంది. వెటకారం కాదు, నిజంగానే ఇప్పుడెలా అన్నట్టు.

రసీదు పట్టుకుని బయటికొచ్చి ట్రైనెక్కాను. ఇక్కడ రోడ్లు బాగుంటాయి. రైలు బాగుంటుంది. టోవా పాయో లైబ్రరీలో ఆదివారాలు ఎన్నో కూర్చుని చదువుకున్నాను, నువ్వెవరని ఒక్కరూ అడగలేదు. కట్టిన దానికి తగినంత దొరికింది. కానీ నేనిక్కడ చుట్టాన్ని. చుట్టం కూర బాగుందంటుంది, ఉప్పెవరు వేశారని అడగదు. పన్ను తక్కువ ఉన్నచోట స్వేచ్ఛ ఎక్కువ అనుకుని వచ్చాను. ఎందుకు, ఎంత, ఎవరికోసం అని అడిగే చోటే నాకు కావలసిన స్వేచ్ఛ ఉందని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. మీ నలభై సంతకాల పక్కన నాదీ ఒకటి ఉండాల్సింది.

నేను మారిపోయానని సంబరపడకండి. పన్ను బలవంతమే అని ఇప్పటికీ అంటాను. బలవంతం అని గుర్తుంచుకున్నవాడే దాన్ని జాగ్రత్తగా వసూలు చేస్తాడు. ఆ మాట మీకు రోజూ గుర్తుచేయడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి.

విశాఖలో కొత్తగా తెరిచిన సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు ఫోనులోనే ఇంటర్వ్యూ చేసి ఉద్యోగం ఇచ్చారు. జీతం ఇక్కడి దాంట్లో నాలుగో వంతు. అందులోనూ చేతికి రాకముందే కోసేస్తారు. కోయనివ్వండి. కోసిన ప్రతి ఏడాదీ ఎందుకని అడుగుతూ పైదాకా ఉత్తరాలు రాస్తాను. ఉత్తరాలు రాయడం మీ పుణ్యమా అని బాగా అలవాటైంది.

అనకాపల్లి నుంచి విశాఖకి రోజూ రైల్లో వెళ్లొస్తాను. మీ కోసమే వస్తున్నానని అనుకోకండి. కొంచెం మీ కోసం కూడా.

మార్చి పదకొండు, ఆదివారం. మద్రాసు దాకా విమానం, అక్కడి నుంచి రైలు. సోమవారం మధ్యాహ్నానికి అనకాపల్లిలో దిగుతాను. మీకు సెలవు దొరక్కపోతే ఫరవాలేదు, ఆఫీసు దారి నాకు తెలుసు. నేరుగా అక్కడికే వచ్చి, మీ గుమ్మంలో తొమ్మిదో మనిషిగా నిలబడతాను.

నడుచుకుంటూనే వస్తున్నాను,
మీ వసుంధర